చదువు రాదని సాక్ష్యం

ఆగండి. చేతిలో ఏ పనున్నా ఒక్క క్షణం పక్కన పెట్టి, నేను చెప్పేది చివరిదాకా వినండి. మధ్యలో "ఓస్, ఇంతేనా, నాకు తెలిసిపోయింది" అని మాత్రం అనొద్దు. నేనూ మధ్యలో అలాగే అన్నాను. అనేసి ఇప్పుడు ఇలా తల పట్టుకుని కూర్చున్నాను.

కేసు చాలా చిన్నది. ఒకామె స్విచ్ వేసింది. ఒకాయన చచ్చిపోయాడు. ఈ రెండూ నిజమే, ఎవరూ కాదనడం లేదు. ఆ స్విచ్ పక్కన బోర్డు ఉంది. దాని మీద "మిషన్‌లో మనిషి ఉన్నాడు, స్విచ్ వేయకండి" అని అరచేతంత అక్షరాలు. అంటే మొత్తం కేసు ఒకే ఒక్క ప్రశ్న మీద వేలాడుతోంది. ఆమెకు చదవడం వచ్చా, రాదా? రాకపోతే అది ప్రమాదం. వస్తే హత్య. అంతే!

నన్ను పనిలో పెట్టుకున్నది ఎవరనుకున్నారు? ఆమె అత్తగారు.

పొద్దున్నే నా ఆఫీసు తలుపు తడుముకుంటూ వచ్చింది పెద్దావిడ. కళ్ళకు శుక్లాలు, చేతికర్ర, నోరు మాత్రం కత్తి.

"డిటెక్టివ్ అంటే నువ్వేనా? గొంతు వింటే పిల్లలా ఉన్నావేంటమ్మా?"

"వయసు చిన్నదే గానీ బుర్ర పెద్దదేనండీ."

"బుర్ర సంగతి తర్వాత చూద్దాంలే. నా కోడలికి చదువు రాదని రుజువు చెయ్యాలి. చెయ్యగలవా?"

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. లోకంలో ఎవరైనా మా వాళ్ళు తెలివైనవాళ్ళు, మా వాళ్ళకి అన్నీ వచ్చు అని చెప్పుకుంటారు. ఈవిడ రుజువు కావాలంటున్నది దానికి పూర్తిగా రివర్సు.

"ఒట్టి మొద్దమ్మా నా కోడలు" అంది పెద్దావిడ, ఆ మాట అంటూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నా, ఒక్క అక్షరం ముట్టుకున్న పాపాన పోలేదు. బస్సు నంబరు కూడా పక్కవాళ్ళని అడుగుతుంది. నా కొడుకు పోయాక నాకు మిగిలింది అదొక్కతే. నాకు చూపు ఆనదు. పొద్దున లేస్తే నీళ్ళచెంబు ఎక్కడుందో చెయ్యి పట్టుకుని చూపించేది అదే. దాన్ని తీసుకెళ్ళి ఉరికంబం ఎక్కిస్తానంటున్నాడు ఆ పోలీసాయన. చదువు రాని మనిషిని చదువొచ్చిందని ఉరి తీస్తారా ఎక్కడైనా?"

ఇంక నేను కూర్చుంటానా? చెప్పులు వేసుకుని బయల్దేరాను. పెద్దావిడ నా భుజం పట్టుకుని వెంట నడిచింది.

పోలీస్ స్టేషన్‌లో మావాడున్నాడు. మావాడంటే బంధువు కాదు, బద్ధ శత్రువు. ఊళ్ళో అందరూ "ఇస్త్రీ" అని పిలిచే ఇన్‌స్పెక్టర్. ఆయన యూనిఫాం మడతకి వేలు తెగుతుందని జోకు. పెద్దావిడని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి నేను లోపలికి అడుగు పెట్టానో లేదో మొదలెట్టాడు.

"రా తల్లీ డిటెక్టివ్, రా. పోయినసారి వెతికిన పిల్లి దొరికిందా?"

"దొరికింది సార్. మీరు వెతుకుతున్న దొంగ?"

మొహం మాడ్చుకున్నాడు. పక్కనున్న కానిస్టేబుల్ దగ్గు వచ్చినట్టు నటించి మొహం అటు తిప్పుకున్నాడు. ఆ దెబ్బకి ఇన్‌స్పెక్టర్ నన్ను కూర్చోమనకుండానే కేసు మొత్తం గడగడా చెప్పేశాడు, నేను దెబ్బ తినాలని.

చచ్చిపోయినాయన ఒక ప్రెస్‌లో ఫోర్‌మన్. మామూలు ప్రెస్ కాదు, ప్రభుత్వ పరీక్షల ప్రశ్నాపత్రాలు రహస్యంగా అచ్చువేసే ప్రెస్. అక్కడి కటింగ్ మిషన్ సొంత స్విచ్ ఇరుక్కుపోయింది. ఆపినా ఆగదు. అందుకని ఫోర్‌మన్ అవతలి నడవలో ఉన్న మెయిన్ స్విచ్ ఆపి, బోర్డు తగిలించి, భోజనాల టైములో కత్తి కిందికి దూరి బాగు చేస్తున్నాడు. భోజనాల గంట అయిపోగానే ముద్దాయి వచ్చి మెయిన్ స్విచ్ వేసింది. కత్తి దిగింది.

"రోజూ భోజనాలయ్యాక ఆ స్విచ్ వేసేది ఆవిడేనంట కదా?" అన్నాను.

"అవును. రోజూ వేస్తుంది. ఆ రోజు బోర్డు ఉన్నా వేసింది."

"చదవడం రాదు సార్ ఆవిడకి!"

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. సొరుగులోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద పడేశాడు. అక్షరాస్యత శాఖ పెద్దాఫీసరు మధ్యలో, చుట్టూ పద్నాలుగు మంది పనివాళ్ళు, అందరి చేతుల్లో సర్టిఫికెట్లు. ముందు వరసలో మన ముద్దాయి. సర్టిఫికెట్ గుండెకు ఆనించి పట్టుకుంది.

"ఈ ఊళ్ళో పిల్లల దగ్గర్నుంచి ముసలాళ్ళ దాకా నూటికి నూరు మందికీ చదువొచ్చేసిందని పోయిన నెలే ప్రభుత్వం ప్రకటించింది. పేపర్లు చదవవా? ఇది ప్రభుత్వ సర్టిఫికెట్టమ్మా, నేను రాసింది కాదు."

"మరి హత్య ఎందుకు చేస్తుంది సార్? కారణం?"

"ఆ రోజు పొద్దున ఫోర్‌మన్ ఆవిడ మీద కేకలేశాడు, నువ్వింక ఇక్కడ ఉండడానికి వీల్లేదని. మేనేజర్ చెవులారా విన్నాడు. పని పోతుందని కక్ష." ఇన్‌స్పెక్టర్ ముందుకు వంగాడు. "నీకో చిక్కు ప్రశ్న. ఫోర్‌మన్ తెలివితక్కువవాడు కాదు. పనివాళ్ళకి చదవడం రాదనుకుంటే, ఒట్టి బోర్డుని నమ్ముకుని కత్తి కింద తల పెడతాడా? వాళ్ళకి వచ్చని ఆయనకి తెలుసు. రేపు పొద్దున మేజిస్ట్రేటు ముందు సెక్షన్ మారుస్తున్నా. నిర్లక్ష్యం కాదు. హత్య."

ముందు ముద్దాయితో మాట్లాడనివ్వండి అన్నాను.

లాకప్‌లో ముద్దాయి గోడకి ఆనుకుని కూర్చుంది. ముప్పై దాటి ఉంటాయి. వేళ్ళ చివర్లు కాగితాలు మడిచి మడిచి నున్నగా అరిగిపోయాయి. నేనెవరో చెప్పాను. మీ అత్తగారు పంపించారన్నాను. ఆ మాటకి కళ్ళెత్తింది.

"అత్తమ్మ మాత్ర వేసుకుందా అక్కా?"

"వేసుకుందిలే. నేను అడిగినదానికి చెప్పు. చదవడం వచ్చా?"

"రాదు."

"మరి సర్టిఫికెట్?"

"ఇచ్చారు, తీసుకున్నా. వద్దంటే ఊరుకుంటారా?"

"స్విచ్ నువ్వే వేశావు కదా?"

"నేనే."

"పక్కన బోర్డు చూళ్ళేదా?"

వేళ్ళు ఒకదానితో ఒకటి మడుస్తోంది, చేతిలో కాగితం ఉన్నట్టే.

"గుడ్డ లేదక్కా" అంది చివరికి.

"ఏం గుడ్డ?"

"గుడ్డ ఉంటే నేనెందుకు వేస్తాను?"

ఎంత అడిగినా ఇంకో ముక్క చెప్పలేదు. గుడ్డ! ఇన్‌స్పెక్టర్ చెప్పిన కథలో ఎక్కడా గుడ్డ లేదు. ఆటో ఎక్కి ప్రెస్‌కి పరిగెత్తాను.

ప్రెస్ మేనేజర్ సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చెమట తుడుచుకుంటూ ఉండే మనిషి. లోపలికి రానివ్వనన్నాడు. "పరీక్షల బోర్డు అనుమతి కావాలి మేడం, ఇది సీక్రెట్ ప్రెస్సు."

"రేపు కోర్టులో అందరి ముందూ అడగమంటారా, ఇప్పుడు ఇక్కడ అడగమంటారా?"

పక్కకి జరిగాడు.

మెయిన్ స్విచ్ ఉన్న నడవ ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. ముందు నాకు కనపడింది స్విచ్ కాదు, బోర్డులు. గోడ నిండా బోర్డులే! "చదువుకుందాం, ఎదుగుదాం." "ఈ కార్యాలయం సంపూర్ణ అక్షరాస్య కార్యాలయం." "శుభ్రత పాటించండి." అన్నీ ఒకే నీలం రంగు, ఒకే సైజు, ఒకే మేకులు. వాటి మధ్యలో స్విచ్. స్విచ్ పక్కన, అదే నీలం రంగులో, అదే సైజులో, ఆ బోర్డు. మనిషిని చంపిన బోర్డు. మిగతావాటిలో కలిసిపోయి గోడలో భాగంలా ఉంది.

వంగి చూశాను. స్విచ్ హ్యాండిల్‌కి కాస్త పైన గోడకి ఇంకో పాత మేకు, తుప్పు పట్టింది. దాని తలకి చిక్కుకుని రెండు దారప్పోగులు. ఎర్రవి.

"ఇక్కడ ఏం వేలాడేది సార్?"

"ఏమీ లేదు మేడం."

"ఏమీ లేకపోతే దారాలు ఎక్కడివి, గోడకి మొలిచాయా?"

మేనేజర్ చెమట తుడుచుకున్నాడు. నేను ఆయన్ని వదిలేసి నేరుగా ఫోల్డింగ్ హాల్లోకి వెళ్ళాను. ఆడవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని కాగితాలు మడుస్తున్నారు. నాకొక ఐడియా వచ్చింది. అప్పట్లో భలే ఐడియా అనుకున్నాను, నా వీపు నేనే తట్టుకున్నాను. ఒక తెల్ల కాగితం తీసి, స్కెచ్ పెన్‌తో ఇంతింత అక్షరాలు రాశాను: "మీ వెనక పాము ఉంది". పైకెత్తి చూపించాను.

"అమ్మా, దీని మీద మరక ఉందేమో చూసి చెప్పండి."

అందరూ తలలెత్తి చూశారు. ఒక్కరూ కదల్లేదు. ఒకావిడ కళ్ళు చిట్లించి, "అక్షరాలున్నాయి గానీ మరకేం లేదమ్మా" అంది. అందరి వెనక నిలబడ్డ మేనేజర్ మాత్రం "అమ్మో!" అంటూ గెంతి కుర్చీ ఎక్కాడు.

హాలంతా గొల్లున నవ్వింది. ఎందుకు గెంతాడో తెలియకుండానే నవ్వారు పాపం. కాగితం మీద ఏముందో నేను చదివి వినిపించాక నవ్వు ఆగిపోయింది. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"పని పీకించకు తల్లీ" అంది బల్ల చివర బొద్దుగా ఉన్న ఒక ముసలావిడ. "ఈ ప్రెస్‌లో చదువు రానివాళ్ళనే పెట్టుకుంటారు. పేపరు చదివి బయట చెప్తామని భయం. పనిలో చేర్చుకునే ముందు పరీక్ష కూడా పెడతారు. చదివితే ఫెయిలు."

"మరి సర్టిఫికెట్లు?"

"ఆ అక్షరాస్యత వాళ్ళు ఒకరోజు వచ్చారు. ఒక్కరోజే. తలా ఒక పలక ఇచ్చారు, ఫోటో దిగమన్నారు. పలక మా మనవడు పగలగొట్టాడు. వాడు నాలుగో క్లాసు. వాడికీ చదవడం రాదు, వాడికీ సర్టిఫికెట్టుంది. మా ఇంట్లో అందరం ప్యాసే!"

మళ్ళీ నవ్వబోయి ఎవరూ నవ్వలేదు.

"స్విచ్ మీద గుడ్డ సంగతేంటి?"

"ఎర్రగుడ్డ. మిషన్ కింద మనిషుంటే గుడ్డ వేలాడుతుంది. గుడ్డ ఉంటే ముట్టుకోం, గుడ్డ లేకపోతే వేస్తాం. ఈ ప్రెస్ పెట్టిన దగ్గర్నుంచీ అంతే. ఫోర్‌మన్ బాబాయ్ పెట్టిన పద్ధతి అది."

"ఎవరు తీశారు?"

ఆవిడ మేనేజర్ వైపు చూసింది. నేనూ చూశాను. ఆయన నేల చూశాడు.

"మొన్న పెద్దాఫీసరొచ్చి, చదువొచ్చినవాళ్ళు పనిచేసే చోట ఈ గుడ్డ పేలికలేంటి, ఫోటోలో బాగాలేదు, తీసేసి బోర్డు పెట్టండి అన్నాడు" అంది ఆవిడ గొంతు తగ్గించి. "అదే రోజు తీసి పారేశారు. బాబాయ్ గుడ్డ కావాలని గొడవ కూడా పడ్డాడు."

"బోర్డు మీద ఏముందో మీకెవరైనా చదివి చెప్పారా?"

"ఎవరు చెప్తారమ్మా? మాకు చదువొచ్చిందనే కదా బోర్డు పెట్టింది!"

నేను మేనేజర్‌ని నడవలోకి లాక్కెళ్ళాను.

"మీ పనివాళ్ళలో ఒక్కరికీ చదువు రాదని పరీక్షల బోర్డుకి రాసిచ్చారు. అందరికీ వచ్చని అక్షరాస్యత శాఖకి రాసిచ్చారు. ఏది నిజం సార్?"

"ఇద్దరూ గవర్నమెంటే మేడం" అన్నాడు ఏడుపు గొంతుతో. "ఏ గవర్నమెంటుకి ఏది కావాలో అది ఇచ్చాను."

"గుడ్డ తీసేస్తే ఎవరో ఒకరు చస్తారని మీకు తెలుసు."

"తెలియదు! అంటే... ఫోర్‌మన్ చూసుకుంటాడనుకున్నా." చటుక్కున గొంతు మార్చాడు. "అయినా మిగతావాళ్ళకి రాదేమో గానీ ఆవిడకి వచ్చు మేడం. మాకు తెలియకుండా, మమ్మల్ని మోసం చేసి నేర్చుకుంది. ఇన్‌స్పెక్టర్ గారికి అదే చెప్పాను."

ఆహా, ఏం తెలివి! అందరికీ చదువొచ్చంటే ప్రెస్ కాంట్రాక్టు పోతుంది. ఎవరికీ రాదంటే గుడ్డ తీసిన నేరం మెడకి చుట్టుకుంటుంది. అందుకని ఒక్కావిడకి మాత్రమే వచ్చంటే రెండు వైపులా ఒడ్డున పడొచ్చు. అబద్ధం ఎంత చక్కగా కొలతలు తీసి కుట్టాడో చూడండి! ఆయన మొహం మీదే నవ్వేశాను. అలా ఎందుకు నవ్వానా అని ఇప్పుడు అనిపిస్తోంది.

ఇన్‌స్పెక్టర్ అడిగిన చిక్కు ప్రశ్న మాత్రం బుర్రలో ముల్లులా గుచ్చుతూనే ఉంది. గుడ్డ కోసం గొడవపడ్డ మనిషి, గుడ్డ లేకుండా, ఒట్టి బోర్డుని నమ్మి ఎందుకు దూరాడు? తొందరలో ఉన్నాడేమో. సాయంత్రానికల్లా ప్రశ్నాపత్రాల కట్టలు కట్టాలని మేనేజర్ తరుముతున్నాడేమో. అలా సర్దిచెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ ముల్లు తీసి చూసే ఓపిక నాకు లేదు, గెలుపు చేతికందేంత దగ్గర్లో ఉంది.

తిరిగి స్టేషన్‌కి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. వరండాలో పెద్దావిడ బెంచీ మీద అలాగే కూర్చుంది, కర్ర ఒళ్ళో పెట్టుకుని. నా అడుగుల చప్పుడు గుర్తుపట్టింది.

"దొరికిందా అమ్మాయ్?"

"దొరికింది పెద్దమ్మా. రేపు మీ కోడల్ని ఇంటికి తీసుకెళ్దురు గాని."

ఆవిడ నా చెయ్యి వెతుక్కుని పట్టుకుని ఒక్కసారి నొక్కింది.

లోపల ఇన్‌స్పెక్టర్ ముందు అన్నీ పరిచాను. ఎర్ర దారాలు, గుడ్డ పద్ధతి, గోడ నిండా బోర్డులు, ఆఫీసరు ఫోటో సరదా, మేనేజర్ రెండు నాల్కలు. పాము కాగితం సంగతి చెప్తుంటే కానిస్టేబుల్ పడీ పడీ నవ్వాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. గెడ్డం గోక్కున్నాడు.

"బాగుంది. మిగతావాళ్ళకి రాదు, ఒప్పుకుంటా. మరి ఈవిడకి రాదని ఎవరు చెప్పారు? ఈవిడకి పెట్టావా ఆ పరీక్ష?"

"పెట్టలేదు. ఇప్పుడే పెట్టండి. మీ ముందే."

"నీ పద్ధతే వాడతాను. కానీ పాములూ తేళ్ళూ కాదు" అన్నాడు. స్కెచ్ పెన్ తీసుకుని ఒక కాగితం మీద నెమ్మదిగా, తీరుగ్గా రాశాడు. నా వైపు తిప్పి చూపించాడు.

"మీ అత్త చచ్చిపోయింది."

"సార్, ఇది అన్యాయం! ఆవిడ బయటే ఉంది!"

"చదవడం రాకపోతే అన్యాయమేముంది? కాగితం మీద గీతలే కదా. నువ్వు నోరు విప్పావంటే మాత్రం పరీక్ష చెల్లదు. రేపు మేజిస్ట్రేటుకి అదే చెప్తా."

నోరు మూసుకున్నాను. అవును, మూసుకున్నాను. గెలవాలి కదా.

లాకప్ ముందు నిలబడి ఆయన కాగితం ఆమె మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు. ఆమె చూసింది. నేను ఆమె కళ్ళనే చూస్తున్నాను. రెప్ప కొట్టలేదు. పెదవి వణకలేదు. కాసేపు కాగితాన్ని, కాసేపు ఆయన్ని చూసింది. తర్వాత కుడిచేతి బొటనవేలు ముందుకు చాపింది.

"వేలిముద్ర వెయ్యాలా సార్? ఎక్కడ?"

కానిస్టేబుల్ నిట్టూర్చాడు. ఇన్‌స్పెక్టర్ కాగితాన్ని ఇంకా దగ్గరికి తెచ్చాడు, పెద్దగా కదిలించాడు, ఇంకొంచెంసేపు చూశాడు. ఏమీ లేదు. ఒట్టి అమాయకపు మొహం. వేలు అలాగే గాల్లో ఉంది. చివరికి కాగితం నలిపి నేలకేసి కొట్టాడు.

"సరే. రేపు మేజిస్ట్రేటు ముందు నువ్వే సాక్ష్యం చెప్పు, ఈవిడకి చదవడం రాదని. ప్రమాణం చేసి చెప్పు. నేను అడ్డు రాను." విసవిసా నడిచి వెళ్ళిపోయాడు. కానిస్టేబుల్ కూడా ఆయన వెనకే.

నేను ఎగిరి గంతేయలేదు గానీ, దాదాపు అంత పని చేశాను. ఊచలు పట్టుకుని, "గెలిచాం! నువ్వు రేపు ఇంటికెళ్తున్నావ్!" అన్నాను.

ఆమె వేలు ఇంకా కిందికి దించలేదు. వాళ్ళ బూట్ల చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయేదాకా ఆగింది. అప్పుడు ఊచల దగ్గరికి పాకి, నా కొంగు పట్టుకుని, పెదవులు కదిలీ కదలకుండా అడిగింది.

"అక్కా... అత్తమ్మ ఎప్పుడు పోయింది?"

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఊచల పక్కనే కింద కూర్చున్నాను.

"పోలేదు" అన్నాను. "బయట బెంచీ మీద ఉంది. వాడు అబద్ధం రాశాడు."

అప్పుడు ఏడ్చింది. చప్పుడు లేకుండా, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఒళ్ళంతా కదిలిపోయేలా ఏడ్చింది. వెక్కిళ్ళ మధ్య ఒక్కో ముక్కే బయటికొచ్చింది. నేర్పించింది ఫోర్‌మన్. కటింగ్ బల్ల మీద కాగితం దుమ్ము పేరుకుంటుందట. దాని మీద వేలితో రాసేవాడట, ఈమె చదవగానే అరచేత్తో తుడిచేసేవాడట. ప్రెస్‌లో తెలిస్తే ఇద్దరి పనీ పోతుంది. అందుకని అత్తగారికి కూడా చెప్పలేదు. ఆ రోజు పొద్దున కేకలు కూడా అందుకే. "నీకిప్పుడు చదువొచ్చింది, నువ్వింక ఇక్కడ ఉండడానికి వీల్లేదు, బయటికెళ్ళి మంచి పని చూసుకో అని అరిచాడక్కా. బయట నాకెవరిస్తారు బాబాయ్ అని నేనూ అరిచా."

ఆ పద్నాలుగు సర్టిఫికెట్లలో నిజమైంది ఒక్కటే. అది ఈమెది. మేనేజర్ చెప్పిన అబద్ధం అక్షరాలా నిజం.

అడగకూడదనుకుంటూనే అడిగాను. "బోర్డు చదివావా?"

"చదివాను."



"ఎప్పుడు?"

"అరుపు వినపడ్డాక." కళ్ళు మూసుకుంది. "రోజూ చూసినట్టే మేకు వైపు చూశానక్కా. గుడ్డ లేదు. వేసేశా. గోడంతా బోర్డులే, ఎన్నని చదువుతాను? చదవాలని కూర్చుంటే తప్ప నా కళ్ళకి అక్షరాలు కనపడవు, నాకింకా అలవాటు కాలేదు. అరుపు వినపడి వెనక్కి తిరిగితే ఎదురుగా అదే బోర్డు. ఒక్కో అక్షరం చదువుకున్నా. చదవడం అయ్యేసరికి అరుపు ఆగిపోయింది."

కళ్ళు తెరిచి మళ్ళీ తనే అంది. "స్విచ్ వేసేది నేనేనని ఆయనకి తెలుసు కదా. నాకు చదవడం వచ్చనీ తెలుసు. అందుకే గుడ్డ లేకపోయినా ధైర్యంగా దూరాడు."

ఇన్‌స్పెక్టర్ అడిగిన చిక్కు ప్రశ్నకి జవాబు అది. ఆయన ప్రశ్న సరైనదే. జవాబే ఆయన అనుకున్నది కాదు. కానీ ఎవరు నమ్ముతారు? చదువొచ్చి కూడా చదవలేదంటే ఏ మేజిస్ట్రేటు నమ్ముతాడు? నేను నమ్ముతున్నానా? నమ్ముతున్నాననే అనుకుంటున్నాను. కానీ ఇందాక ఆమె మొహం చూశాను కదా. ఉన్న ఒక్క మనిషీ చచ్చిపోయిందని చదివి కూడా రెప్ప కొట్టని మొహం అది. ఆ మొహంతో ఎవరైనా ఏ అబద్ధమైనా చెప్పగలరు, నాకు కూడా.

బయట పెద్దావిడ ఇంటికి వెళ్ళనంటోంది, రేపు కోడలితోనే వెళ్తానంటోంది. పొద్దున కోర్టులో నన్ను బోనెక్కిస్తారు. ఆమెకు చదవడం వచ్చా రాదా అని ఒకే ఒక్క ప్రశ్న అడుగుతారు. వచ్చంటే హత్య కేసు. గుడ్డ పీకేసిన మేనేజరూ, ఫోటో దిగిన పెద్దాఫీసరూ చేతులు దులుపుకుని ఇంటికెళ్ళిపోతారు. రాదంటే నేను ప్రమాణం చేసి అబద్ధం చెప్పినట్టు. పైగా ఆ కేసు బతికున్నన్నాళ్ళూ ఆమె ఎక్కడికెళ్ళినా బొటనవేలే చాపాలి. దుమ్ములో ఒక్కో అక్షరం ఏరుకుని నేర్చుకున్న చదువుని ఇంక ఎవరి ముందూ బయటపెట్టకూడదు, ఇంటికొచ్చిన కరెంటు బిల్లు కూడా పక్కింటివాళ్ళ చేత చదివించుకోవాలి.

చివరిదాకా విన్నారు కదా. బోనులో నా చోట మీరుంటే ఏం చెబుతారు?